బండి పక్కన పెట్టిన అన్నం

మా ఊరి చరిత్ర రాయడానికి అప్పలసూరి మాస్టారు మా అరుగు మీద కూర్చున్నప్పుడు నేను లోపల చింతపండు పిక్కలు తీస్తున్నాను. ఆ చరిత్రలో నేనున్నాను కాబట్టి నన్ను కూడా ఓ ముక్క అడుగుతారేమోనని కాసేపు ఎదురు చూశాను. అడగలేదు. మా బావ నరసింగరావు చెబుతున్నాడు, మాస్టారు రాసుకుంటున్నాడు, వీధిలో పోయేవాళ్ళు ఆగి తలా ఓ మాట అందిస్తున్నారు. ఆ రోజు తాము ఊళ్ళో ఉన్నట్టే అందిస్తున్నారు. నిజానికి ఆ రోజు ఊళ్ళో నేనూ, డప్పు జోగయ్యా తప్ప నరమానవుడు లేడు.

బావ అంటే నా మొగుడే. మేనమామ కొడుకు. ఈ ఇల్లు మా మేనమామ సోములుది. మా అమ్మ నన్ను కని పోయింది, నాన్న బర్మా పోయే రంగం ఓడ ఎక్కి కబురు లేకుండా పోయాడు. మావే నన్ను ఎత్తుకొచ్చి పెంచాడు, ఇప్పుడు లేడు. పెరిగిందీ, పెళ్ళయిందీ, పిల్లని కన్నదీ అన్నీ ఈ పెంకుటింట్లోనే. ఈ ఇల్లు దాటి నేను బతికింది లేదు.

మా సింగన్నవలస పేరుకి టౌను. రెండు రైసుమిల్లులు, ఒక హైస్కూలు, మంగళవారం సంత, పొద్దున్నే ఆమదాలవలస స్టేషనుకి పోయి సాయంత్రానికి తిరిగొచ్చే బస్సు. ఇక్కడ ఏ రాజూ ఏలలేదు. రామతీర్థంలోలాగా తవ్వితే బౌద్ధుల ఇటుకలైనా బయటపడవు. మాస్టారికి అదే దిగులు. పిల్లలకి మన ఊరి గొప్పతనం ఏం చెప్పాలండీ అని వాపోయేవాడు. చివరికి దొరికింది ఒకటే. నలభై రెండులో జపాను వాడు విశాఖపట్నం మీద బాంబులేస్తే ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని పారిపోవడం. పారిపోవడాన్ని చరిత్ర అంటే బాగుండదు కదా, అందుకని అందులోంచి నన్ను పైకి తీశారు.

"ఊరంతా కొండల దారి పట్టినా, పదమూడేళ్ళ బాలిక ఒకర్తె, గ్రామదేవత అసిరితల్లి పూనగా, నేను కదలను, ఊరిని కాస్తాను అని ధాన్యపు గదిలో తాళం వేయించుకుని కూర్చుంది. శత్రువు మన పొలిమేర తొక్కలేకపోయాడు" అని మాస్టారు గట్టిగా చదివాడు. అరుగు కింద నిలబడ్డ వాళ్ళు చేతులు జోడించారు. శత్రువుకి సింగన్నవలస అని ఒక ఊరుందని తెలిస్తే కదా తొక్కడానికి!

జరిగింది చెబుతాను. మీరైనా వినండి.

నేను పెద్దమనిషినై రెండో రోజు. మా ఇళ్ళలో పిల్లని అప్పుడు ధాన్యపు గదిలో మూల కూర్చోబెడతారు. ఈతాకుల చాప, చుట్టూ గీత, గీత దగ్గర అడ్డంగా రోకలి, పక్కన నీళ్ళ కుండ, తినడానికి నువ్వుల చిమ్మిలి ముద్దలు. మగాళ్ళు మొహం చూడకూడదు. నీడ పడకూడదు. గొంతు కూడా వాళ్ళ చెవిన పడకూడదు. చాకలి చిన్నతల్లి ఒక్కతే వచ్చి పోయేది. ఆ మధ్యాహ్నం ఆమదాలవలసలో రైలు దిగిన జనం కబురు తెచ్చారు, విశాఖపట్నం తగలబడుతోందని. సాయంత్రానికి ఆ కబురు పెరిగి, జపాను వాడు కళింగపట్నంలో దిగిపోయాడు, తెల్లారేసరికి ఇక్కడుంటాడు అయింది.

ఇంట్లో రెండు బళ్ళు కట్టారు. ఒకదాంట్లో దేవుడి పటాలు, బిందెలు, మావ, పిల్లలు. మైలపిల్లని వాళ్ళతో ఎక్కించకూడదు కాబట్టి నాకు వేరే గూడుబండి. "గుంటని పెరటి తోవన తెచ్చి బండిలో కూకోబెట్టు" అని నా గురించి మా అత్త, అంటే మావ పెళ్ళాం తాతమ్మ, చిన్నతల్లికి చెప్పింది. చిన్నతల్లి వచ్చేసరికి గూడుబండిలో చీర కప్పిన బొంతల మూట ఉంది. చీర ఎత్తి చూడ్డం తప్పు కాబట్టి చూడలేదు. అమ్మగోరే ఎక్కించేశారనుకుని తన పిల్లల కోసం పరిగెత్తింది. అత్త బండి చూసింది, చీర చూసింది, పిల్ల ఎక్కిందనుకుంది. దొంగలు ధాన్యం పట్టుకుపోతారని ఆ గదికి తాళం వేసింది. తాళం పడిన చప్పుడు నేను విన్నాను. గుమ్మం అవతల మగాళ్ళ మాటలు వినపడుతున్నాయి. గొంతు పైకి రాకూడదు కదా. నోరు మూసుకుని కూర్చున్నాను. ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తారులే అనుకున్నాను. చెప్పిన మాట వినే పిల్లని మరి.

బళ్ళ చప్పుడు పూర్తిగా పోయాక అరిచాను. అప్పుడు వినడానికి ఎవరున్నారు?

ఎన్నాళ్ళున్నానో నాకు ఈ రోజుకీ తెలియదు, ఊరికి మాత్రం బాగా తెలుసు. పైన పిడికెడు కన్నం. పెంకుల కింద ఎండాకాలపు ఉక్క. ధాన్యం దుమ్ముకి ఊపిరి ఆడేది కాదు. కుండలో నీళ్ళు అయిపోయాయి. తలుపు మీద కొట్టి కొట్టి అరచేతులు చిట్లాయి. అప్పుడు వచ్చాడు జోగయ్య. అసిరితల్లి గుడి దగ్గర డప్పు వాయించేవాడు. తాగి పడుకోవడం వల్ల ఊరితో పాటు పరిగెత్తలేకపోయాడు. ఖాళీ ఊళ్ళో తాళం వేసిన గదిలోంచి ఆడగొంతు వినేసరికి వాడికి ఇంకేం తోస్తుంది?

"జోగయ్యా, తలుపు తియ్యి, నాను నీలవేణిని" అని ఏడ్చాను.

"తెలుసు తల్లీ, నువ్వు ఏ పేరు సెప్పినా నాకు తెలుసు" అని గుమ్మం ముందు సాష్టాంగపడ్డాడు.

దీపం పెట్టాడు. వేపమండలు కట్టాడు. ముర్రాట అంటే పసుపునీళ్ళ కడవ, అది తెచ్చి గడప మీద పోశాడు. ఆ నీళ్ళు తలుపు కింద నుంచి లోపలికి పాకాయి. పైట చెంగు వాటిలో ముంచి నోట్లో పిండుకున్నాను. అలా పూటకి ఓసారి పోశాడు. నన్ను బయటికి తియ్యనిదీ వాడే, చావకుండా చూసిందీ వాడే. ఆ మనిషి మీద కోపం పెట్టుకుందామంటే నాకు చేతకాలేదు.

జపాను వాడు రావడం లేదని తెలిసి ఊరు తిరిగొచ్చింది. గూడుబండి పెరట్లో ఆపి, చిన్నతల్లి చీర ఎత్తి చూస్తే బొంతలు. మావ గోల పెట్టి తాళం తీయించాడు. జుట్టు విరబోసుకుని, ఒళ్ళంతా పసుపుతో, గొంతు పోయి నేను. గుమ్మం ముందు దీపం, వేపమండలు. జోగయ్య పూనకంతో ఊగుతూ "తల్లి ఊరిని కాసింది" అని అరిచాడు. ఇంకేముంది, ఎవరి తప్పు వాళ్ళు మరిచిపోవడానికి అంతకంటే మంచి మాట దొరకదు. అందరూ నా కాళ్ళ మీద పడ్డారు. నాకు కావాల్సింది గ్లాసుడు మజ్జిగ. అది ఇవ్వడం ఎవరికీ తోచలేదు.

కొండ కింద విడిది చేసినన్నాళ్ళూ పూటపూటా నా కోసం గూడుబండి పక్కన ఆకులో అన్నం పెట్టారట. చూడకూడదు కాబట్టి మొహాలు తిప్పుకుని పెట్టారట. కాసేపటికి ఆకు ఖాళీ. పిల్ల తింటోంది, నిమ్మళంగా ఉంది అనుకున్నారట. "మరి ఆ కూడు ఎవులు తిన్నట్టు?" అని మావ అడిగితే కుక్కలు తినుంటాయని ఎవరో అన్నారు. ఊరికి అదొక నవ్వులాట. పండగలకీ పెళ్ళిళ్ళకీ నలుగురు చేరినచోటల్లా కుక్కలకి బువ్వ పెట్టిన కథ చెప్పుకుని పడీపడీ నవ్వుతారు. ఆ కథ ఎత్తితే మా అత్త మాత్రం అక్కణ్ణించి లేచి లోపలికి పోయేది. సిగ్గుపడుతోంది పాపం అనుకునేదాన్ని.

ఆ తర్వాత నా బతుకు తెల్లారినట్టే. సాలూరు నుంచి లారీల వాళ్ళ సంబంధం వచ్చింది. నాకెంతో నచ్చింది. లారీ అంటే ఊరు దాటిపోయేది కదా! పెద్దలు కూర్చుని, తల్లి పొలిమేర దాటితే ఊరు ఏమైపోవాలి అన్నారు. బావకిచ్చి కట్టేశారు. చైనా యుద్ధమప్పుడు మా ధాన్యపు గది ముందు దీపాలు పెట్టారు. మొన్న పాకిస్తాన్ యుద్ధంలో కొబ్బరికాయలు కొట్టారు. నాకు కోపం వచ్చి అరిస్తే పసుపునీళ్ళు తెచ్చి పోశారు. ఏడిస్తే హారతి ఇచ్చారు. నేను మామూలు ఆడదాన్నిరా అంటే, అమ్మ అలాగే అంటుంది అని నవ్వారు. ఈ ఊళ్ళో నేను ఏం చేసినా అది నాది కాదు.

ఇప్పటికీ గది తలుపు వేసుంటే నాకు నిద్ర పట్టదు. స్నానాల గది తడిక కూడా ఓరగా ఉండాల్సిందే. నిద్రలో నేను అరిస్తే మా అమ్మాయి పద్మకుమారి లేచి వీపు రాస్తుంది. పద్మ ఎనిమిదో తరగతి. నర్సు ట్రైనింగుకి విశాఖపట్నం పోతానని నాతో రహస్యంగా చెప్పింది. పొమ్మన్నాను. నేను చూడని రైలు అదైనా ఎక్కాలని నా ఆశ.

జపాను బాంబులకి పాతికేళ్ళు నిండుతున్నాయి కాబట్టి ఉత్సవం చెయ్యాలన్నాడు మాస్టారు. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో ప్రెసిడెంటుగా నిలబడాలని ఉన్న మా బావ ఖర్చు నాదే అన్నాడు. సరిగ్గా ఆ వారంలోనే మా పద్మ పెద్దమనిషి అయింది. నేను దాన్ని ధాన్యపు గదిలో కాదు, గాలి వచ్చే పెరటి వసారాలో కూర్చోబెట్టాను. కబురు తెలిసి జోగయ్య వచ్చాడు. ముసలాడైపోయాడు, కళ్ళు కనపడవు, కర్ర పట్టుకుని వచ్చి పెరటి గుమ్మం ముందు పడి "మళ్ళీ వొచ్చినావా తల్లీ" అని ఏడ్చాడు. 

సాయంత్రానికి అరుగు మీద నిర్ణయమైపోయింది. ఉత్సవం రోజు పొద్దున్న పద్మని ధాన్యపు గదిలోకి తీసుకెళ్ళి, అదే తాళం, అదే చేత్తో, అంటే మా అత్త చేత్తో వేయించి, మర్నాడు పొద్దున్న తీస్తారు. పిల్లకి తల్లి దిగుతుంది. ఊరికి మరో పాతికేళ్ళు భయం లేదు.

"బావా, నా మాట ఇను" అన్నాను ఆ పూట. "అది పసిది. ఆ గదిలో నాను ఏటైపోనానో నీకు తెల్దా?"

"ఒసే, ఒక్క రోజే గదే. పండగలాగ సేత్తాం. ఊరు నిన్ను నెత్తిన ఎట్టుకుని సూసుకోలేదేటి?"

"నెత్తిన ఎట్టుకున్నోలు కిందకి దించలేదు బావా. దించితే నడిసి ఎల్లిపోతాననీసి. ఆ తాళం ఒక్కసారి పడితే దీన్నీ ఊరు దాటనివ్వరు. సదువూ నేదు, ఏటీ నేదు."

"అయితే ఏటంటావు? అమ్మ నిన్ను మరిసిపోయి తాళం ఎట్టేసిందని మైకులో సెప్పమంటావా? ముసిల్ది. దాని పరువు తీత్తావా?"

 మా అత్త గుమ్మం పక్కనే ఉంది. అంతా వింటోంది. నడుముకి తాళంచెవుల గుత్తి. ఏదైనా అంటుందేమోనని ఆమె వైపు చూశాను. ఆమె కంచాలు తీసుకుని పెరట్లోకి పోయింది.

మర్నాడు తెల్లవారగానే పద్మకి దుప్పటి కప్పి బస్సు దగ్గరకి నడిపించుకుపోయాను. ఆమదాలవలసలో రైలెక్కితే ఎక్కడికో ఒకచోటికి పోవచ్చు. ఎక్కడికో నాకు తెలియదు, ఎవరూ లేరు కూడా. అయినా పోదామనుకున్నాను. ముందు సీట్లో కూర్చున్నాం. డ్రైవరు మమ్మల్ని అద్దంలో చూసి ఇంజను ఆపేశాడు. కండక్టరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఈ వారం తమరు పొలిమేర దాటకూడదంట. పెద్దలు సెప్పినారు" అన్నాడు.

"టిక్కెట్టు కొంటాను. నువ్వు బండి తియ్యి."

"తియ్యనమ్మా. నాకు పిల్లలున్నారు."

వెనకాల కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి దిగారు.  కింద వరసగా నిలబడి చేతులు జోడించారు. తిట్టినా, పట్టుకుని లాగినా నేను తిరగబడేదాన్ని. దండం పెట్టేవాళ్ళతో ఎలా తగువాడాలి? ఖాళీ బస్సులో మేమిద్దరం కూర్చున్నాం. చివరికి దిగాం. ఇంటివరకూ మా వెనకాలే నడిచి వచ్చారు. దారిలో ఒకావిడ పద్మ అడుగుల దగ్గర మట్టి తీసి కళ్ళకద్దుకుంది. పద్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, అక్కడ సీకటిగా ఉంటాదా?" అని అడిగింది. 

ఉత్సవం రోజు మా వాకిట్లో పందిరి వేశారు. ఆమదాలవలస నుంచి మైకు సెట్టు తెచ్చి కరెంటు స్తంభానికి బాకాలు కట్టారు. హైస్కూలు పిల్లలు వరసల్లో నిలబడ్డారు. నలుగురు ఆడవాళ్ళు దుప్పటి నాలుగు మూలలా పట్టుకుంటే దాని చాటున పద్మ నడిచింది. మగాళ్ళు పద్ధతి ప్రకారం మొహాలు తిప్పుకున్నారు. నేను చాప పట్టుకుని వెనకాల నడిచాను. గడప దాటగానే అదే ధాన్యం దుమ్ము వాసన.  పైన అదే కన్నం, అంతే వెలుతురు.

చాప పరిచాక నన్ను బయటికి రమ్మన్నారు. నేను పద్మ పక్కన కూర్చుండిపోయాను.

"అమ్మా, తమరు బయటికి రావాలి. పిల్ల ఒక్కర్తే ఉండాలి" అన్నాడు మాస్టారు, మొహం అవతలికి తిప్పుకునే.

"నాను రాను. తాళం ఎయ్యాలంటే ఇద్దరి మీదా ఎయ్యండి."

బయట గుసగుసలు. కాసేపటికి అదీ బాగానే ఉందన్నారు ఎవరో. పాత తల్లీ కొత్త తల్లీ ఒక్కచోట ఉంటారు, ఇంకా మంచిది. చూశారా, నా మొండితనం కూడా వాళ్ళకే పనికొచ్చింది. మాస్టారు మైకులో మొదలుపెట్టాడు. ఊరంతా కొండల దారి పట్టినా, పదమూడేళ్ళ బాలిక ఒకర్తె... పద్మ నా ఒళ్ళో తల దాచుకుంది. 

మా అత్త తాళం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అదే తాళం, గుప్పెడంత ఇనుప తాళం, చింతపండు పెట్టి తోమారు కాబోలు మెరుస్తోంది. వేసేటప్పుడు ఆమె నోటితో నాలుగు మంచి మాటలు ఊరంతా వినాలని మాస్టారు మైకు తెచ్చి ఆమె పక్కన పట్టుకున్నాడు. ఆమె తలుపు రెక్క మీద చెయ్యి వేసింది.  నా వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను అలా నిలబడి చూడడం అదే మొదలు. ఎప్పుడూ చూపు పక్కకి తిప్పేసేది. అప్పుడు నాకు కుక్కల కథా, నవ్వుల మధ్యలోంచి లేచిపోయే ఆమె వీపూ గుర్తొచ్చాయి. ఎందుకు అడిగానో తెలియదు, అడిగేశాను.

"అత్తా, ఆ కొండ కింద బండి పక్కన ఎట్టిన అన్నం ఎవులు తిన్నారు?"

తలుపు మీద చెయ్యి ఆగిపోయింది.

"కుక్కలేటి, ఆ కొండ కింద కుక్కల్లేవు" అంది అత్త. ఆమె గొంతు బాకాల్లోంచి ఊరంతా వినపడింది. "తొలి పూటే సీర ఎత్తి సూసినాను. సూడకూడదని తెలిసినా సూసినాను. బొంతలున్నాయి. నువ్వు నేవు."

మాస్టారు మైకు వెనక్కి తీసుకోవడం మరిచిపోయాడు.

"మీ మావకి సెప్తే ఎనక్కి పరిగెడతాడు. సెల్లి కూతురివి, పానం ఎట్టుకున్నాడు నీ మీద. పోనోడు మరి రాడనుకున్నాను. జపానోడు సంపేత్తాడనుకున్నాను. సిన్న పిల్లలతో నానేటి సేత్తాను? నోరు మూసుకున్నాను. ఆకు మీద కూడు అలగే ఉంటే తెలిసిపోతాది గదే. నానే తిన్నాను. పూటపూటా నీ కూడు నానే తిన్నాను."

 మరిచిపోయారనుకుని పాతికేళ్ళు బతికాను. అదే నాకున్న ఒక్క ఓదార్పు. మరుపు ఎవరికైనా వస్తుంది కదా అనుకునేదాన్ని. ఆమె మరిచిపోలేదు. ఆకు ముందు కూర్చుని, నేను ఇక్కడ తలుపు కొడుతూ ఉంటానని తెలిసి, ముద్ద కలుపుకుని తింది. మా అత్త మీద నాకప్పుడు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఆమెకి ఆ ముద్ద ఎలా దిగి ఉంటుందో కూడా అప్పుడే తోచింది. రెండూ ఒక్కసారే.

అత్త చేతిలోంచి తాళం జారి గడప మీద పడింది. ఆ వెనకే ఆమె కూడా గడప మీద కూర్చుండిపోయింది. మా ఇళ్ళలో గడప మీద ఎవరూ కూర్చోరు. ఆమె కాళ్ళు అవతలా, వీపు ద్వారబంధానికీ. తలుపు మూతపడే వీలు లేదు.

"అమ్మా, లెగు. జనం సూత్తన్నారు" అన్నాడు బావ, మొహం నల్లగా చేసుకుని.

"లెగను. నాను బతికుండగా ఈ తలుపు పడదు. ఎయ్యాలంటే నా మీద ఎయ్యండిరా."

ఊరు ఏమంటుందో అనుకున్నాను. తిడుతుంది, ఉమ్ముతుంది, కనీసం నా వైపు ఒక్కసారి మనిషిని చూసినట్టు చూస్తుంది అనుకున్నాను. పందిరి చివరినుంచి జోగయ్య డప్పు మోగింది. కళ్ళు కనపడని ఆ ముసలాడు గొంతు చించుకుని "తల్లి పలికింది, గడప మీద కూకుంది" అన్నాడు. ఇక ఆగలేదు. ఆడవాళ్ళు ముర్రాటలు తెచ్చి మా అత్త నెత్తి మీద పోశారు. వేపమండలు కట్టారు. ఎవరో హారతి వెలిగించారు.

"అది అసిరితల్లి కాదు, మా అత్త! ఆవిడ సెప్పింది నిజం!" అని నేను లోపలినుంచి అరిచాను.

"తెలుసు తల్లీ, తెలుసు" అంటూ తలలు ఊపారు.

మాస్టారు మైకు ముందు నిలబడి కాగితాలు తిరగేస్తున్నాడు, పాపం, చరిత్రని ఎక్కడ అతకాలో తెలియక. తల్లి గుంటని ఒగ్గేసి ముసలమ్మ మీదికి మారింది అని పెద్దలు అనుకోవడం వినపడింది. ఆ మాట విని నేను పద్మని లేపాను.

"అమ్మా, నాను ఎల్లిపోనా?"

"ఎల్లు."

గడప మీద నానమ్మ ఉంది. దాటడం తప్పని అది ఆగింది. అత్త తడిసిన తల వంచి, మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇచ్చింది. పద్మ దాటింది. మగాళ్ళు మొహాలు తిప్పుకోవడం మరిచిపోయారు. అందరూ ముసలమ్మనే చూస్తున్నారు, పిల్లని చూసినవాళ్ళు లేరు. అది పందిరి పక్కనుంచి నడిచి నూతి దగ్గరకి పోయి, చేద వేసి నీళ్ళు తోడుకుని దోసిలి పట్టి తాగింది. దాని మెడ మీద ఎండ పడింది. నా కూతుర్ని ఇక ఎవరూ అమ్మా అనరు. ఒసే పద్మా అంటారు. నాకు అంతే కావాలి.

నేను మాత్రం లేవలేకపోయాను. 

సాయంత్రానికి జనం పల్చబడ్డారు. బాకాలు విప్పుకుని మైకువాడు వెళ్ళిపోయాడు. బావ ఎటు పోయాడో తెలియదు. గడప ముందు నైవేద్యాలు పోగుపడ్డాయి. వాటిలో ఎవరో పెట్టిన అరిటాకు, ఆకు నిండా అన్నం, పప్పు, బెల్లం ముక్క. అత్త పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేనూ ముట్టలేదు. నెత్తి మీది పసుపునీళ్ళు ఆరి ఆమె మొహం మీద చారలు కట్టాయి.

"నీలవేణీ" అని పిలిచింది. "అన్నం తిన్నావేటే?"

ఈ ఇంట్లో ఆ మాట ఆమె రోజూ అడుగుతుంది.  తల అడ్డంగా ఊపాను.

ఆమె రెండు చేతులతో ఆకు పట్టుకుని, గడప మీదినుంచి నా వైపు తోసింది. "తిను. ఇది నీదే" అంది.

ఆకలి వేస్తోంది.  చెయ్యి చాపాను, అన్నం దాకా పోలేదు. మళ్ళీ ఆమె వైపు తోద్దామనుకున్నాను. అదీ చెయ్యలేకపోయాను. ఆకు మా ఇద్దరి మధ్య ఉంది. ఆమె దాన్ని చూస్తోంది, నేను ఆమెని చూస్తున్నాను. పెరట్లో పద్మ ఎవరితోనో మాట్లాడుతోంది.

పందిరి కింద మెతుకులు ఏరుకుంటున్న ఒక వీధికుక్క తోకాడిస్తూ గుమ్మం దాకా వచ్చింది. అత్తని వాసన చూసింది. ఎవరూ అదిలించకపోయేసరికి మెల్లగా మెడ చాచి, గడప మీదినుంచి ఆకులో మూతి పెట్టి తినడం మొదలుపెట్టింది. అది ఆకు నాకేదాకా మేమిద్దరం కదలకుండా చూస్తూ కూర్చున్నాం.